బస్తా అంటే ఎంతో... కంప్యూటర్‌కి చెప్పారా?

చల్లపల్లి చుట్టుపక్కల ఏ ధాన్యం కొట్టుకెళ్లి 'నలభై బస్తాలు' అన్నా అర్థమైపోతుంది. ధాన్యం బస్తా అంటే 75 కిలోలని రైతుకి తెలుసు, కాటా వేసేవాళ్లకి తెలుసు, పద్దు రాసే గుమాస్తాకీ తెలుసు. అదే ఊళ్లో ఎరువుల కొట్టుకెళ్తే యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ బస్తా 50 కిలోలు. మనకి ఇదేం గందరగోళం కాదు. మరి రేపు ఆ పద్దులు ఏఐ ఏజెంట్ రాస్తే? దానికి ఈ సంగతులు ఎవరు చెప్పాలి?

ఏజెంట్ అంటే అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకునేది కాదు. మన తరఫున పనులూ చేసిపెడుతుంది. 'నిన్న కొన్న ధాన్యానికి బిల్లు వెయ్యి' అంటే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ని తనే నడుపుతుంది. అందుకోసం దానికి కొన్ని పనిముట్లు అప్పగిస్తారు. బిల్లు వేయడానికొకటి, నిల్వ చూడటానికొకటి, డబ్బు పంపడానికొకటి... ఇలా. ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో 'మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్' అనే ఉమ్మడి పద్ధతిని విడుదల చేశాక వీటిని తగిలించడం తేలికైంది. చిత్రమేంటంటే, పనిముట్టు లోపలి కోడు సాధారణంగా ఏజెంట్‌కి కనిపించదు. కనిపించేవి దాని పేరు, నింపాల్సిన వివరాల జాబితా, నాలుగు ముక్కల వివరణ. ఆ నాలుగు ముక్కలే దానికి దారి!

తేడా వస్తే...

వివరణలో 'పరిమాణం' అని మాత్రమే ఉందనుకోండి. ఏజెంట్ 40 అని నింపుతుంది. సాఫ్ట్‌వేరేమో దాన్ని క్వింటాళ్లుగా తీసుకుంటుంది. 2025-26 ఖరీఫ్‌లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాకి 2,369 రూపాయలు. ఆ లెక్కన 40 బస్తాలకి, అంటే 30 క్వింటాళ్లకి, రావాల్సింది 71,070 రూపాయలు. బిల్లు పడేది 94,760కి! కొట్టు యజమానికి 23,690 చిల్లు. అదే తిరగబడి, 30 క్వింటాళ్లని 30 బస్తాలుగా రాసుకుంటే రైతుకి 17,767 రూపాయల 50 పైసలు తగ్గిపోతాయి. ఎక్కడా లెక్క తప్పలేదు... మాటే తప్పింది.

తేదీలతోనూ ఇదే తంటా. 04-03 అంటే మనకి మార్చి నాలుగు. అమెరికా పద్ధతిలో ఏప్రిల్ మూడు. చెల్లింపు నెల రోజులు వెనక్కి పోయినట్టే. ఇక 'బిల్లు తీసెయ్యి' అంటే? ట్యాలీలో బిల్లు రద్దు చేస్తే దాని నంబరు పద్దులో మిగిలి ఉంటుంది. తొలగిస్తే ఆ పద్దే ఉండదు. జీఎస్టీ బిల్లులకి వరుస నంబర్లు తప్పనిసరి కాబట్టి ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఏది ఎప్పుడు వాడాలో చెప్పకపోతే ఏజెంట్ తనకి తోచింది చేస్తుంది.

ఇలా రాస్తే సరి

మంచి వివరణ ఇలా ఉంటుంది: 'రైతు దగ్గర ధాన్యం కొన్నప్పుడే దీన్ని వాడాలి. అమ్మకాలకి వాడకూడదు. బరువు క్వింటాళ్లలో ఇవ్వాలి. బస్తాల్లో చెబితే ఒక్కోటి 75 కిలోలుగా లెక్కకట్టాలి. తేదీలో ముందు రోజు, తర్వాత నెల. ధర తెలియకపోతే ఊహించకుండా అడగాలి.' ఇందులో కష్టమైన మాట ఒక్కటైనా ఉందా?

అలాగని పేజీలకి పేజీలు రాసినా ప్రమాదమే. అసలు విషయం అందులో మునిగిపోతుంది. ఒకేలాంటి పేర్లతో నాలుగు పనిముట్లు ఇవ్వడం కంటే, తేడా తెలిసేలా రెండు ఇవ్వడం మేలు. వివరణ ఎంత బాగున్నా డబ్బు పంపే ముందు, పద్దు తొలగించే ముందు మనిషి 'సరే' అనాల్సిందే.

ఇదంతా పట్నాల గొడవ అనుకోవడానికి లేదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న 161 సేవలతో 'మన మిత్ర'ను ప్రారంభించినప్పుడే ఆఫీసు పనులు వాట్సాప్‌లోకి వచ్చేశాయి. కొట్టు పద్దులు రావడం ఎంతసేపు?

కోడు రాయడం ఇంజినీర్ల పని. వివరణ రాసేటప్పుడు మాత్రం ఏళ్ల తరబడి పద్దులు రాసిన గుమాస్తాని పక్కన కూర్చోబెట్టుకోవాలి. రాశాక పనిలో కొత్తగా చేరిన కుర్రాడి చేత చదివించాలి. అతను ఎదురు ప్రశ్న వేశాడంటే... ఇంకో వాక్యం బాకీ ఉన్నట్టే!