ఫొటో వెనక పేర్లు

మా పెద్దమ్మ ట్రంకుపెట్టె అడుగున ఒక నలుపు తెలుపు ఫొటో ఉంది. గుత్తి వైపు మా ఊరి చర్చి మెట్ల మీద, క్రిస్మస్ ఆరాధన అయ్యాక తీసింది. పిల్లాపెద్దా కలిపి ఇరవై ముగ్గురం. వెనక ‘1983 క్రిస్మస్’ అని తప్ప ఒక్క పేరూ లేదు.

అప్పట్లో అనంతపురం పల్లెల్లో కెమెరా ఉన్న ఇల్లు అరుదు. టౌను నుంచి స్టూడియో ఆయన రావాలి. అందరూ ఒకచోట దొరికేది పెళ్ళికి, లేదంటే క్రిస్మస్‌కే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని సీమ మనది. పడితే డిసెంబరు నాటికి శెనక్కాయలు అమ్మిన డబ్బు చేతిలో ఉండేది. పడకపోతే బెంగళూరు పనులకు పోయినవాళ్ళు పండక్కి రైలెక్కి వచ్చేవాళ్ళు. ఆ ఫొటోలో బట్టలు చూస్తే చాలు, ఆ ఏడు వాన సంగతి తెలుస్తుంది. మా పిల్లలందరి చొక్కాలూ ఒకే తానులోవి! చిన్నాయన మాత్రం లేడు. కూలి డబ్బులు చేతికి రాక ఆ పండక్కి అక్కడే ఉండిపోయాడు.

మెట్ల చివర నిలబడిన ఒకామె ఎవరని అడిగితే, ‘ఎవరో పెద్దింటి కోడలు’ అన్నారు అందరూ. మత్తయి సువార్త మొదటి అధ్యాయం గుర్తొచ్చింది. తామారు, రాహాబు, రూతు పేర్లు రాసిన ఆ వంశావళిలో బత్షెబ మాత్రం ఊరియా భార్యగానే మిగిలింది. మన ఇళ్ళలో ఎంతమంది అవ్వలు ఇలా ‘ఫలానావారి భార్య’గానే పోయారో.

ఈ క్రిస్మస్‌కు మీ పెద్దవాళ్ళ ముందు పాత ఫొటోలు పరవండి. వాళ్ళు చెప్పేది ఫోన్‌లో రికార్డు చేయండి. పేర్లు మెత్తటి పెన్సిల్‌తో తేలిగ్గా వెనక రాయాలి. బాల్‌పెన్ నొక్కు ముందువైపు కనబడుతుంది. లామినేషన్ వద్దు, తర్వాత ఊడదీయలేం. జిగురు ఆల్బమ్‌కు అంటుకున్నదాన్ని లాగకుండా ముందు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. ఎనభైలనాటి కలర్ ఫొటోలైతే మరీ తొందరపడాలి. వాటి రంగులు పెట్టెలో ఉన్నా వెలిసిపోతాయి. ఎవరికీ గుర్తులేని మనిషి ఉంటే పాస్టరు గారిని అడిగి బాప్తిస్మపు రిజిస్టరు చూడండి. ఇంట్లో పిలిచే పేరు ఒకటి, బాప్తిస్మపు పేరు ఒకటి ఉండటం మనకు మామూలే కాబట్టి రెండూ రాసుకోవాలి.

మెట్ల చివర ఆమె పేరు మాకు అలాగే దొరికింది. రాశాను. పక్కన చిన్నాయన పేరు కూడా రాసి, ‘ఈ ఏడు రాలేదు’ అని చేర్చాను.