ఉమ్మడి పనిశాలకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

మేకర్‌స్పేస్ అంటే పనిముట్లను, యంత్రాలను ఒకచోట ఉంచి, పలువురు పంచుకొని వాడుకొనే పనిశాల. గ్రంథాలయంలో పుస్తకాలు ఉన్నట్లే ఇక్కడ లేత్, లేజర్ కట్టర్, త్రీడీ ప్రింటర్, వడ్రంగి పనిముట్లు ఉంటాయి. అయితే ఈ పోలికను ఎక్కువ దూరం లాగకూడదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పౌర గ్రంథాలయాలకు ఆస్తిపన్నుతోపాటు వసూలయ్యే గ్రంథాలయ సెస్సు ఒక ఆధారం. మేకర్‌స్పేస్‌కు అటువంటి పన్ను ఏదీ లేదు. పైగా పుస్తకం అలమరలో ఊరికే ఉంటుంది. యంత్రం నడిచిన ప్రతి గంటా కరెంటు ఖర్చవుతుంది, భాగాలు అరుగుతాయి, అజాగ్రత్తగా వాడితే చేతికి గాయమూ అవుతుంది.

కాబట్టి ఈ సంస్థ ఖర్చులను మీరు మొదట రెండుగా విడదీసి చూడాలి. యంత్రాలు కొనడానికి ఒక్కసారి పెట్టేది పెట్టుబడి వ్యయం. అద్దె, కరెంటు, జీతం, మరమ్మతులు, బీమా వంటివి నెలనెలా వచ్చే నిర్వహణ వ్యయం. కొత్తగా ఆరంభించేవారు సాధారణంగా మొదటిదాని గురించే దిగులుపడతారు. నిజానికి కష్టం రెండోదానిలో ఉంది. యంత్రం కొనిపెట్టే దాత దొరుకుతాడు. దానిమీద తన పేరుపలక బిగించుకోవచ్చు. కరెంటు బిల్లుమీద పేరుపలక బిగించే వీలు లేదు!

నెలవారీ ఖర్చును ఎవరు భరించాలి అన్న ప్రశ్నకు రెండు అమెరికా సంస్థలు రెండు రకాల జవాబులు చెప్పాయి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని నాయిస్‌బ్రిడ్జ్‌ను మిచ్ ఆల్ట్‌మన్, ఆయన మిత్రులు 2007లో ఆరంభించారు. ఇది లాభాపేక్ష లేని సంస్థ. సభ్యత్వ రుసుము చాలాకాలం నెలకు 80 డాలర్లు. రాబడి తక్కువగా ఉన్నవారికి 40 డాలర్లు. విశేషమేమంటే, సభ్యులు కానివారు కూడా వచ్చి పనిచేసుకోవచ్చు, ఉచిత తరగతుల్లో కూర్చోవచ్చు. అంటే సభ్యుడు చెల్లించేది ప్రవేశ రుసుము కాదు, తలుపు తెరిచి ఉంచడానికి ఇచ్చే చందా. పనులు చాలావరకు స్వచ్ఛందంగా జరుగుతాయి కనుక జీతాల భారం స్వల్పం. మిగిలిన లోటును విరాళాలు పూడ్చాలి. అద్దె ఎక్కువగా ఉండే నగరంలో ఇది తేలికైన పని కాదు.

టెక్‌షాప్ దారి వేరు. 2006లో కాలిఫోర్నియాలోని మెన్లోపార్క్‌లో జిమ్ న్యూటన్ చొరవతో మొదలైన ఈ సంస్థ లాభం కోసం నడిచిన వ్యాపారం. వ్యాయామశాలకు కట్టినట్లు నెలకు 100 డాలర్లకు పైగా కట్టి, లక్షల విలువచేసే యంత్రాలను వాడుకోవచ్చు. శాఖలు పెరిగాయి. పెద్ద సంస్థల భాగస్వామ్యాలూ వచ్చాయి. కానీ 2017 నవంబరు 15న అమెరికాలోని శాఖలన్నీ ఒక్కసారిగా మూతపడ్డాయి. సంస్థ దివాలా ప్రకటించింది. ముందుగానే సభ్యత్వం కొనుక్కున్నవారు, అక్కడి యంత్రాల ఆధారంగా చిన్న వ్యాపారాలు నడుపుకుంటున్నవారు ఇరకాటంలో పడ్డారు. నగరపాలక సంస్థలు, కంపెనీలు, ధర్మనిధుల వంటి బయటి వనరుల తోడ్పాటు లేకుండా ఇటువంటి పనిశాలలను లాభం కోసం నడపడం సాధ్యం కాదని యాజమాన్యమే చివరికి ఒప్పుకొంది. యంత్రాల కొరతవల్ల కాదు, నెలవారీ లెక్క కుదరకపోవడంవల్ల ఆ సంస్థ పోయింది.

ఆ లెక్క ఎలా ఉంటుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. ఒక జిల్లా కేంద్రంలో పనిశాల ఉందనుకోండి. అద్దె రూ. 40,000, కరెంటు రూ. 10,000, ఒక ఉద్యోగి జీతం రూ. 20,000, మరమ్మతులు, బీమా కలిపి రూ. 10,000. మొత్తం నెలకు రూ. 80,000. సభ్యత్వం నెలకు రూ. 1,000 అయితే 80 మంది సభ్యులు కావాలి. ఉన్నది 50 మందే అయితే రూ. 30,000 లోటు. రుసుము పెంచితే సరిపోతుంది కదా అని మీకు తోచవచ్చు. పెంచితే ముందుగా మానేసేది విద్యార్థి, చిన్న మెకానిక్. ఎవరికోసం పనిశాల పెట్టామో వారే బయట నిలబడతారు.

అందుకే తరగతుల ఆదాయం ముఖ్యం. పదిమంది ఒక్కొక్కరు రూ. 800 కట్టి ఒక రోజు శిక్షణకు వస్తే రూ. 8,000. సామగ్రికి, బోధకుడికి కలిపి సగం పోగా రూ. 4,000 మిగులుతుంది. ఆ లోటు తీరాలంటే నెలకు ఎనిమిది తరగతులు, అంటే వారానికి రెండు నడపాలి. తరగతుల్లో ఇంకో లాభం ఉంది. లేత్ వాడాలంటే ముందు శిక్షణ తప్పనిసరి అని నియమం పెడితే ప్రమాదాలు, మరమ్మతులు రెండూ తగ్గుతాయి. లేజర్ కట్టర్ వంటి యంత్రాలకు వాడిన నిమిషాల లెక్కన అదనపు రుసుము తీసుకోవడం చాలాచోట్ల ఆచారం. అరుగుదల ఖర్చు వాడినవారిమీదే పడుతుంది కాబట్టి ఇది న్యాయమనే నా అభిప్రాయం.

ఇక గ్రాంట్లు. కేంద్ర ప్రభుత్వపు అటల్ టింకరింగ్ ల్యాబ్ పథకం పాఠశాలలకు ఉద్దేశించినదైనా, దాని నిధుల కూర్పు గమనించదగ్గది. పాఠశాలకు ఇచ్చే రూ. 20 లక్షల్లో 10 లక్షలు ప్రయోగశాల ఏర్పాటుకు, 10 లక్షలు గరిష్ఠంగా అయిదేళ్ల నిర్వహణకు. నిర్వహణకు సగం కేటాయించడం మంచి ఆలోచన. కానీ ఆ గడువు ముగిసిన తరువాతి నెల బిల్లు ఎవరు కడతారో మొదటి ఏడాదిలోనే నిర్ణయించుకోవాలి. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ ప్రకారం కొన్ని పరిమితులు దాటిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికరలాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కార్యక్రమాలకు వెచ్చించాలి. ఇదీ ఒక వనరే. అయితే రిజిస్టరైన సంస్థ, ఆడిట్ అయిన లెక్కలు లేకుండా కంపెనీ గుమ్మం తొక్కి ప్రయోజనం ఉండదు.

విరాళంగా వచ్చే పాత యంత్రాల విషయంలో జాగ్రత్త అవసరం. విడిభాగాలు దొరకని యంత్రం ఉచితంగా వచ్చినా అద్దె కట్టే స్థలాన్ని ఆక్రమిస్తుంది. సభ్యుడు తన సొంత డ్రిల్లింగ్ యంత్రాన్ని తెచ్చి పెడితే అది దానమా, అరువా, చెడిపోతే బాగుచేయించేది ఎవరు అన్నది కాగితంమీద రాసుకోవాలి. రాయనిచోట స్నేహాలు చెడతాయి.

అభ్యాసం: పై ఉదాహరణలో రూ. 3 లక్షల లేజర్ కట్టర్ విరాళంగా వచ్చింది, అయిదేళ్లు పనిచేస్తుంది అనుకోండి. తరువాత మరొకటి కొనడానికి నెలకు ఎంత పక్కన పెట్టాలి? ఆ మొత్తాన్ని నెల ఖర్చులో కలిపి, 50 మంది సభ్యుల్లో పదిమందికి సగం రుసుమే తీసుకొంటే, లోటు తీరడానికి నెలకు ఎన్ని తరగతులు కావాలో లెక్కించండి. అన్ని తరగతులు ఒక్క ఉద్యోగితో నడపగలరా? మీ జవాబుకు కారణాలు రాయండి.