వీడియో అయ్యాక పిల్లలు ఏం చేస్తున్నారు?



పేరెంట్ మీటింగుల్లో ఈమధ్య తరచుగా ఎదురవుతున్న ప్రశ్న ఇది: “ఎలాగూ ఫోన్ చూడక మానరు, కనీసం ఏ ఛానెళ్లు చూడనిమ్మంటారు?” పేర్లు చెప్పడం తేలికే. ఈ పేజీలో కొన్ని చెబుతున్నాం కూడా. అయితే అంతకంటే ముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. మంచి వీడియో చూసి “అర్థమైపోయింది” అనుకునే పిల్లలకు నిజంగా అర్థమై ఉండకపోవచ్చు. అది పరీక్ష హాల్లో కూర్చున్నాక గానీ బయటపడదు.

వెరిటాసియం అనే సైన్స్ ఛానెల్ నడిపే డెరెక్ ముల్లర్ సిడ్నీ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసింది ఈ విషయం మీదే. ఫిజిక్స్ పాఠాన్ని సూటిగా, శుభ్రంగా వివరించే వీడియోను ఆయన కొందరు విద్యార్థులకు చూపించారు. చాలా స్పష్టంగా ఉంది, తేలిగ్గా ఉంది అన్నారు వాళ్లు. కానీ వీడియోకు ముందూ తర్వాతా పెట్టిన పరీక్షల్లో మార్కులు దాదాపు ఉన్నచోటే ఉన్నాయి. మరికొందరికి, విద్యార్థులు మామూలుగా పడే పొరపాట్లను ముందుగా చర్చించి, ఆ తర్వాత సరిచేసే వీడియో చూపించారు. గందరగోళంగా ఉందన్నారు ఆ పిల్లలు. వాళ్ల మార్కులు మాత్రం దాదాపు రెట్టింపయ్యాయి.

ఎందుకిలా జరుగుతుందో మీ ఇంట్లోనే చూడవచ్చు. తొమ్మిదో తరగతి దాటిన మీ బాబునో పాపనో ఇలా అడగండి: బంతిని పైకి విసిరాం, అది చెయ్యి వదిలి ఇంకా పైకి వెళ్తోంది, ఆ సమయంలో దాని మీద పనిచేసే బలం ఏ దిక్కుకు ఉంటుంది? “పైకి” అనే జవాబు చాలాసార్లు వస్తుంది. గాలి సంగతి పక్కన పెడితే, చెయ్యి వదిలిన క్షణం నుంచి బంతి మీద ఉన్నది భూమి ఆకర్షణ ఒక్కటే. అది కిందికే లాగుతుంది. “పైకి” అనే జవాబు మనసులో ఉన్న పిల్లలు వీడియోలో సరైన మాట విన్నా, తమకు తెలిసిందే చెబుతున్నారని అనుకుని దాటేస్తారు. అందుకే పేర్లు ఎంచుకునేటప్పుడు మేము పెట్టుకున్న కొలత ఒకటే. వీడియో మధ్యలో ఆపి ఆలోచించడానికో, అయ్యాక చేతులతో చేయడానికో ఏదైనా ఉందా?

ఆ కొలతకు అందరికంటే బాగా నిలబడేది అరవింద్ గుప్తా. ఐఐటీ కాన్పూర్‌లో చదివి, జీవితమంతా పారేసే వస్తువులతో సైన్స్ బొమ్మలు చేయించిన మనిషి. 2018లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయన బృందం తీసిన వీడియోలు చాలా చిన్నవి, పలు భారతీయ భాషల్లో దొరుకుతాయి. అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబ్ ముక్కలు ఉంటే చాలు, ఒక ఆదివారం గడిచిపోతుంది. ట్యూబ్ ముక్కలతో పుల్లల్ని కలిపి ముందు చతురస్రం చేయించండి. వేలితో నొక్కగానే పక్కకు వంగిపోతుంది. త్రిభుజం చేయించండి, వంగదు. ఆ తర్వాత ఊరి బయట కరెంటు టవర్‌ను చూపించి, అందులో అన్ని త్రిభుజాలు ఎందుకున్నాయని అడగండి. ఈ పనికి మూడో తరగతి పాప, తొమ్మిదో తరగతి అన్నయ్య ఇద్దరూ కలిసి కూర్చోవచ్చు.

పెద్ద తరగతుల లెక్కలకు త్రీ బ్లూ వన్ బ్రౌన్. గ్రాంట్ శాండర్సన్ 2015లో మొదలుపెట్టిన ఛానెల్ ఇది. బొమ్మల్ని కదిలించే సాఫ్ట్‌వేర్‌ను కూడా ఆయనే రాసుకున్నారు. ఇంటర్‌లో కాలిక్యులస్ మొదలయ్యే పిల్లలకు ఆయన కాలిక్యులస్ వీడియోలు సూత్రం వెనక బొమ్మను చూపిస్తాయి. పక్కన కాగితం, పెన్సిల్ లేకుండా చూడనివ్వకండి, ఎందుకంటే ముల్లర్ చెప్పిన ప్రమాదం ఎక్కువగా ఉన్నదీ ఇక్కడే. అంత అందంగా ఉంటాయి. కెమిస్ట్రీ ఇష్టపడే వాళ్లకు నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయం పీరియాడిక్ వీడియోస్. 118 మూలకాలకూ వీడియోలున్నాయి. తెల్ల జుట్టు ప్రొఫెసర్ మార్టిన్ పోలియాకాఫ్ గారంటే పిల్లలకు ఇట్టే గురి కుదురుతుంది. తెలుగులోనే పాఠం కావాలంటే తెలంగాణ ప్రభుత్వపు టీ-శాట్ విద్య ఉచితంగా ఉంది.

ఇక “చదువు కాని” ఛానెళ్లు. వంట వీడియో చూస్తుంటే ఫోన్ లాక్కునే తల్లిదండ్రులు, పాఠం వీడియో అయితే రెండు గంటలైనా ఊరుకుంటారు. ఈ తేడా మాకు సరిగా తోచదు. గ్రాండ్‌పా కిచెన్ చూడండి. నారాయణ రెడ్డి గారు 2019లో కాలం చేశారు, వీడియోలు ఉన్నాయి. తోటలో పొయ్యి పెట్టి, పెద్ద గిన్నెల్లో వండి, అనాథ పిల్లలకు పంచేవారు. నలుగురికి వండే మన పులిహోర కొలతల్ని నూరు మందికి లెక్క కట్టమంటే ఏడో తరగతి అనుపాతం అధ్యాయం మొత్తం అందులో ఉంది. చింతపండుకూ ఉప్పుకూ కూడా అదే లెక్క సరిపోతుందా అని అమ్మమ్మనో నానమ్మనో అడగమనండి, ఇంకో పాఠం మొదలవుతుంది. ఆస్ట్రేలియా ఫుడ్ సైంటిస్ట్ ఆన్ రియర్డన్ నడిపే హౌ టు కుక్ దట్‌లో, వైరల్ వంట వీడియోల్లో చూపించినవి నిజంగా చేసి ఏవి బూటకమో తేలుస్తారు. తెరమీద కనిపించినదల్లా నమ్మకూడదని మనం వందసార్లు చెప్పడం కంటే అవి బాగా పనిచేస్తాయి.

ఇంగ్లిష్ చదవడానికి బద్ధకించే పిల్లలకు ప్రిమిటివ్ టెక్నాలజీ మంచి మందు. ఆస్ట్రేలియాకు చెందిన జాన్ ప్లాంట్ మట్టి, కర్ర, రాయితో గుడిసెలు, కొలిమి కడతారు, నోరు విప్పి ఒక్క మాట మాట్లాడరు. వివరణ అంతా క్యాప్షన్లలో ఉంటుంది. క్యాప్షన్లు ఆన్ చేసి ఇవ్వండి.

చదరంగానికి చెస్‌బేస్ ఇండియా. గుడివాడలో పుట్టి 2019లో, 2024లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్ అయిన కోనేరు హంపి ఆటలు మన పిల్లలకు మంచి మొదలు. బోర్డు ముందు పెట్టుకుని, వీడియో ఆపి, తర్వాతి ఎత్తు తామే ఆలోచించాలి. తాతయ్యకు ఆట వస్తే ఎదురుగా కూర్చోబెట్టండి. బొమ్మలు వేసే చిన్న పిల్లలకు ఆర్ట్ ఫర్ కిడ్స్ హబ్ బాగుంటుంది. తండ్రీ బిడ్డా పక్కపక్కనే గీస్తారు, ఇద్దరి బొమ్మా ఒకేలా రాదు, దాన్ని ఎవరూ తప్పనరు.

సెట్టింగుల విషయం. 13 ఏళ్ల లోపు పిల్లలకు యూట్యూబ్ కిడ్స్ యాప్ గానీ, మీ గూగుల్ ఖాతాకు కలిపిన పర్యవేక్షణ ఖాతా గానీ వాడండి. మీ సొంత ఖాతాతో ఫోన్ ఇస్తే మీరు చూసిన వాటిని బట్టే వాళ్లకూ సిఫారసులు వస్తాయి. ఒక వీడియో అవగానే ఇంకొకటి దానంతట అదే మొదలయ్యే ఆటోప్లేను ఆఫ్ చేయండి. వాచ్ హిస్టరీని పాజ్ చేసి, పాతది చెరిపేస్తే హోమ్ పేజీలో సిఫారసులు కనిపించవు. అప్పుడు పిల్లలు తమకు ఏం కావాలో టైప్ చేసి వెతుక్కోవాలి. మొదటి రెండు రోజులు “ఏమీ లేదు” అని గోల చేస్తారు. అగ్గిపుల్లలు, వాల్వ్ ట్యూబ్ అప్పటికే ఇంట్లో తెచ్చి ఉంచండి.