హిమా: పచ్చికబయళ్ల నుండి పగడపు దిబ్బల దాకా

‘హిమా’ అనగా కాపాడబడిన చోటు. ఇస్లాంకు పూర్వం అరేబియాలో బలవంతులైన నాయకులు మంచి పచ్చికబయళ్లను తమ మందలకే అట్టిపెట్టుకొనేవారు. దైవప్రవక్త (స) ఈ ఆచారాన్ని రద్దుచేసి, హిమా అల్లాహ్‌కు, ఆయన ప్రవక్తకు మాత్రమే చెందుతుందన్నారు. అంటే ప్రజాహితం కొరకేనని ధర్మవేత్తల వివరణ.

హజ్రత్ ఉమర్ (రజి) తన ఖిలాఫత్ కాలంలో హునై అనే వ్యక్తిని హిమాపై నియమించి, కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు గలవారిని లోనికి రానివ్వమన్నారు. ఇబ్నె ఔఫ్, ఇబ్నె అఫ్ఫాన్‌ల మందలను మాత్రం వద్దన్నారు. వారి పశువులు చచ్చినా తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాని మంద చస్తే అతడు బిడ్డలతో వచ్చి ఖలీఫా వాకిట నిలుస్తాడు. ప్రకృతి రక్షణ గురించి మాట్లాడేవారు తరచు మరచేది ఈ వివేచననే.

జాంజిబార్ ప్రాంతంలో, పెంబా పక్కన మిసాలీ దీవి ఉంది. అది ఒక మహనీయుని నమాజు చాప అని స్థానిక గాథ. చుట్టూ పగడపు దిబ్బలు, వాటిని చూడవచ్చే యాత్రికులు. పేలుడు పదార్థాలతో వేటాడితే చేపతోపాటు దాని పిల్లలు పెరిగే దిబ్బ కూడా పగిలిపోతుంది. 1998లో దీనిని సంరక్షిత ప్రాంతంగా ప్రకటించారు. కొంత భాగంలో వేట పూర్తిగా నిషిద్ధం. మిగిలినచోట జాలర్లకు జీవనోపాధి. జాలర్లు ముస్లింలు గనుక ఖుర్ఆన్ బోధనల ద్వారా కూడా విషయం వివరించారు.

హైదరాబాదులో పగడాలు లేవు. దుర్గం చెరువు ఉంది. కుతుబ్‌షాహీల కాలంలో అది గోల్కొండ కోటకు తాగునీరిచ్చింది. నేడు హైటెక్ సిటీ మేడల నడుమ, 2020లో తెరచిన తీగల వంతెన కింద విహారస్థలమైంది. మురుగు కుళ్లినపుడు నీటిలోని ప్రాణవాయువు తరిగి చేపలు చస్తాయి. ఇక్కడ హునై ఆపవలసిన మంద మేడల నుండి వచ్చే ఆ మురుగే.