ప్రశ్నావళి నిర్మాణము: సూరతు తెలుగు నేతపనివారి భాష

పరిశోధకుడు సూరతు నగరమున లింబాయత్ ప్రాంతమునకు పోయి, తెలుగు మాటలాడు మరమగ్గపు కార్మికునొకనిని "మీ ఊరేది?" అని అడిగెననుకొనుడు. సిరిసిల్ల అనియో, భువనగిరి అనియో ప్రత్యుత్తరము రావచ్చును. ఆ కార్మికుడు సూరతులోనే పుట్టి పెరిగి, సిరిసిల్లను పెండ్లిండ్లకు మాత్రమే చూచినవాడై యుండవచ్చును. అయినను అతడు అసత్యమాడలేదు. తెలుగున 'ఊరు' అనగా ఉన్నచోటు మాత్రమే కాదు, తాతతండ్రుల గ్రామము కూడ. పరిశోధకుడు ఆ మాటను నమ్మి అతని పలుకుబడిని సిరిసిల్ల మాండలికముగా లెక్క వ్రాసినచో, గుజరాతీ నడుమ ఏర్పడుచున్న తెలుగొకటి సిరిసిల్ల పటమునకెక్కును. తప్పు ప్రశ్నది. పుట్టినదెక్కడ, బడికి పోయినదెక్కడ, తల్లి పెరిగినదెక్కడ అని మూడు వేరు ప్రశ్నలు అచ్చట ఉండవలసినది.

కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ సీమల పద్మశాలి కుటుంబములు పని వెదకికొనుచు షోలాపురము, భీవండి నగరములకు వలెనే సూరతునకును తరలిపోయినవి. చేమగ్గము విడిచి మరమగ్గము పట్టిన ఇండ్లలో వృత్తిపదములు రెండు మూడు తరములలోనే మారిపోవును. గుంటమగ్గమున కూర్చుండి నేసినవారు నానాటికి అరుదగుచున్నారు. వారి మాటలను నేడు తప్పుగా అడిగి తప్పుగా వ్రాసికొన్నచో, మరల పోయి సరిచూచుకొనుటకు వారుండరు.

ఈ విద్యకు పూర్వులు లేకపోలేదు. జర్మనీలో వెంకర్ 1876లో కొన్ని వాక్యములను అచ్చొత్తించి బడిపంతుళ్లకు తపాలాలో పంపి, వారి వారి మాండలికములలోనికి మార్పించెను. ఫ్రాన్సులో జిలియరాన్ తపాలాను నమ్మక, 1897 మొదలు 1901 వరకు ఎడ్మాన్ అను నొక్కనినే ఆరువందలకు పైగా గ్రామములకు పంపెను. సర్వేక్షణము ముగిసిన పిమ్మట చేసినదైనచో ప్రశ్నావళి మరింత బాగుండెడిదని ఆయనయే ఒప్పుకొనెను. ఈ పనిలో చేయి పెట్టిన ప్రతివాడును ఎన్నడో ఒకనాడు అనుకొను మాటయే అది. తెలుగున భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున, ఆనాటి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశము దారి చూపినది: వ్యవసాయపదముల సంపుటము 1962లోను, చేనేతపదముల సంపుటము 1971లోను వెలువడినవి. కాని అది చేమగ్గమునకును ఆంధ్రప్రదేశమునకును సంబంధించినది. ఆ పదముల పట్టికనే సూరతునకు కొనిపోయి చదివి వినిపించినచో చాలదు.

ఏలయన, అడుగువాని నోటిమాటయే చెప్పువాని నోటికి ఎక్కును. "మరమగ్గమును మీరేమందురు?" అని అడిగినచో "మరమగ్గమే" అని మర్యాదకు చెప్పుదురు. సిరిసిల్లలో దాని వాడుకపేరు 'సాంచా'. గుజరాతీలో 'సంచో' అనగా యంత్రము. మరాఠీలోను దీనికి దగ్గరి మాట కలదు. సిరిసిల్లకు ఆ పదము వలసవారి వెంట ఏ త్రోవను వచ్చినదో తేల్చుటకు సూరతు సాక్ష్యము విలువైనది. 'మరమగ్గము' అని అచ్చువేసిన ప్రశ్న ఆ సాక్ష్యమును మొదటనే మూసివేయును. వస్తువును చూపి, "తాతా, దీన్నేమంటరు?" అని వారి పలుకుబడితోనే అడుగవలెను. పడుగు, పేక, నాడె, కండె, అచ్చు మున్నగువానికి బొమ్మలు గీసి తీసికొనిపోవలెను. అంతకంటె మేలైనది, "నూలు ఇంటికి వచ్చినప్పటిసంది బట్ట దిగేదాక ఏమేం చేస్తుండిరి?" అని ఒక్కమాట అడిగి ఊరకుండుట. ఆ కథనములో పరిశోధకుడు ఊహింపని పదములు దొరలును. మరియొక సంగతి: చేనేత ఇండ్లలో నూలు తోడుట, కండెలు చుట్టుట చాలవరకు స్త్రీల పని. మగ్గమునొద్ద నున్న పురుషుని మాత్రమే అడుగు ప్రశ్నావళి సగము నిఘంటువును ఇంటిలోపలనే విడిచి వచ్చును.

పదముల సంగతి అటుండగా, భాషావినియోగమును గూర్చిన ప్రశ్నలు మరింత చిక్కైనవి. "మీకు తెలుగు వచ్చునా?" అనునది చూచుటకు సులభమైన ప్రశ్న. గుజరాతీ బడిలో చదివిన బాలిక, ఇంట తెలుగే మాటలాడుచున్నను అక్షరములు రానందున "రాదు" అనవచ్చును. ఆమె అన్న, అంతే తెలిసినవాడు, "వచ్చు" అనవచ్చును. 'వచ్చు' అను ఒక్క క్రియలో వినుట, పలుకుట, చదువుట, వ్రాయుట నాలుగును ఇమిడియున్నవి. జనాభా లెక్కలవారు మాతృభాషను నిర్వచించుచు, బాల్యమున తల్లి ఆ వ్యక్తితో మాటలాడిన భాష యనిరి. 2011 లెక్కలలో ఎనిమిది కోట్లకు పైగా తేలిన తెలుగువారి సంఖ్య ఆ ప్రశ్నకు వచ్చిన సమాధానమే; నేడు ఇంట ఏ భాష వినబడుచున్నదో అది చెప్పదు. సూరతు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమునను పాఠశాలలు నడపినది. అట్టి తరగతుల అవసరమును "తెలుగు వచ్చునా?" అను ప్రశ్నతో కొలిచినచో, "రాదు" అన్న బాలిక, తరగతి ఎవరికై కావలెనో ఆమెయే, లెక్కనుండి జారిపోవును. "నిన్న రాత్రి అమ్మతో ఏ భాషల మాట్లాడినవు? తమ్మునితో?" అని జరిగినదానిని అడుగుట క్షేమము.

మరమగ్గముల పని తరచుగా పన్నెండు గంటల షిఫ్టు. ఆ చప్పుడులో సంభాషణము సాగదు. షిఫ్టు దిగినవాడు రెండువందల ప్రశ్నలకు కూర్చుండడు. కావున ప్రశ్నావళిని రెండు మూడు కూర్పులుగా విడదీసి, పనిముచ్చటలు ముందును, వయస్సు, కూలి, చదువు వెనుకను ఉంచవలెను. ముందుగా నాలుగైదు ఇండ్లలో ప్రయోగించి చూచి, అందరును ఒకే మాట చెప్పిన ప్రశ్నను, ఎవరికిని అర్థముకాని ప్రశ్నను మరల వ్రాయవలెను. ప్రతి పుటలో కుడిసగము ఖాళీగా విడుచుట మంచిది. అడుగకుండ వచ్చిన మాట, "గిట్ల కాదు బిడ్డా, దాని పేరు వేరే" అని పక్కనున్న ముసలమ్మ దిద్దిన మాట, అందులో ఆమె పలికినట్లే వ్రాసికొనవలెను.