చార్టు పడింది, మరి రీఫండు?

న్యూఢిల్లీ నుంచి హైదరాబాద్ వచ్చే తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో మీ ఈ-టికెట్ వెయిటింగ్ లిస్టులో ఉందనుకోండి. బండి బయల్దేరడానికి కొన్ని గంటల ముందు చార్టు పడుతుంది. చాలాకాలం 4 గంటలుగా ఉన్న ఈ వ్యవధిని రైల్వే 2025లో పెంచింది. బెర్తు ఖరారైతే ఎస్సెమ్మెస్ రావాలి. ఆ టికెట్‌పై ఉన్న ఎవరికీ బెర్తు దొరక్కపోతే అది దానంతటదే రద్దయి, డబ్బు ఖాతాలో పడాలి.

ఈ రిజర్వేషన్ వ్యవస్థను చూసేది ఢిల్లీ చాణక్యపురిలో ఉన్న క్రిస్ (రైల్వే సమాచార వ్యవస్థల కేంద్రం). దీని కాన్సర్ట్ సాఫ్ట్‌వేర్ 1994లో మొదట అమలైంది సికింద్రాబాద్‌లోనే. అప్పుడు టికెట్లన్నీ కౌంటర్లలోనే ఇచ్చేవారు. ఇప్పుడు ఎక్కువ భాగం ఆన్‌లైన్‌లో కొంటున్నారు. కాబట్టి ఒక్క చార్టు వెనుక ఎన్నో బ్యాంకు లావాదేవీలు కదలాలి.

ఈ పనులు రెండు రకాలు. చార్టుకు నిర్ణీత వేళ ఉంది. ఇలాంటి పనులకు పెద్ద సంస్థలు జాబ్ షెడ్యూలర్ (వేళకు, వరుసక్రమంలో పనులు నడిపే సాఫ్ట్‌వేర్) వాడతాయి. రీఫండు సంగతి వేరు. బ్యాంకు ఎప్పుడు బదులిస్తుందో ముందే చెప్పలేం. అలాంటిచోట మెసేజ్ క్యూ (పని వివరాలను భద్రంగా వరుసలో ఉంచే వ్యవస్థ) పనికొస్తుంది. పంపే ప్రోగ్రాం సందేశాన్ని అందులో ఉంచి తన పనికి వెళ్తుంది. అందుకునే ప్రోగ్రాం వీలైనప్పుడు తీసుకుంటుంది. ఐబీఎం ఎంక్యూ అనే సాఫ్ట్‌వేర్ 1993 నుంచీ చేస్తున్నది ఇదే. బ్యాంకు సర్వర్ అరగంట ఆగినా చార్టు ఆగదు.

చిక్కు ఈ రెండింటినీ కలిపే చోట వస్తుంది. ‘పని అయిందా?’ అని షెడ్యూలర్ అడుగుతుంది. ‘సందేశం అందింది’ అని మాత్రమే క్యూ చెప్పగలదు. దాన్నే పూర్తయినట్టు లెక్కేస్తే, తర్వాత జరిగే రీఫండ్ల లెక్క తప్పుతుంది.

అందుకే ప్రతి సందేశానికీ ఒక గుర్తింపు సంఖ్య ఇస్తారు. పని ముగించిన ప్రోగ్రాం అదే సంఖ్యతో మరో క్యూలో జవాబు పెడుతుంది. అది వచ్చాకే షెడ్యూలర్ ఆ పనిని ముగిస్తుంది. గడువులోగా రాకపోతే సిబ్బందిని హెచ్చరిస్తుంది.

జవాబు దారిలో పోతే అదే సందేశం రెండోసారి వెళ్లవచ్చు. సంఖ్య సరిచూడకపోతే రీఫండు రెండుసార్లు పడుతుంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా పని జరగని సందేశాలను డెడ్ లెటర్ క్యూ (విఫలమైన సందేశాలను విడిగా ఉంచే వరుస)లోకి మళ్లిస్తారు. దాన్ని రోజూ ఒక మనిషి చూడాలి.

మీ సంస్థలో ఇలాంటి అనుసంధానం తలపెడితే, పని పూర్తయిందని ఎవరు, ఎలా చెబుతారో ముందు తేల్చుకోండి. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలన్నది ఆ తర్వాతి మాట.