పెళ్లి తప్పించిన వేషం

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెలకు ఒగ్గు కథ, చిందు భాగోతం కొత్త కాదు. చూస్తూ పెరిగినవాళ్లే అందరూ. బడిలో నాటకం నేర్చుకోవడం మాత్రం వేరు. అక్కడ ముందు చదవాలి. తర్వాతనే వేషం.

'కన్యాశుల్కం' అని ఒక నాటకం ఉన్నది. గురజాడ అప్పారావు రాశారు. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడారు. 1897లో పుస్తకంగా వచ్చింది. కన్యాశుల్కం అంటే ఆడపిల్లకు కట్టే వెల. ఆ కాలంలో అక్కడి కొన్ని బ్రాహ్మణ ఇళ్లల్లో తండ్రి పైసలు తీసుకొని చిన్నపిల్లను ముసలివానికి ఇచ్చేవాడు. విజయనగరం మహారాజు ఇటువంటి పెళ్లిళ్ల లెక్క తీయించాడు. మూడేళ్లలో 1034 తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు! పాలు తాగే బిడ్డకు కూడా వెల కట్టారన్నమాట.

నాటకంలో తండ్రి పేరు అగ్నిహోత్రావధాన్లు. పెద్ద బిడ్డ బుచ్చమ్మ చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకొని ఇంట్లో ఉన్నది. అయినా చిన్న బిడ్డ సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు ఇస్తానంటాడు. వెల 1800 రూపాయలు. తల్లి వెంకమ్మ వద్దంటుంది. ఆమె మాట సాగదు. బాయిలో పడుతుంది. బయటికి తీస్తారు. మేనమామ కరటక శాస్త్రి నాటకాలాడే మనిషి. తన శిష్యునికి ఆడపిల్ల వేషం వేసి, సుబ్బికి బదులు ఆ ముసలివానికి కట్టబెడతాడు. పెళ్లయ్యాక పిల్లవాడు వేషం తీసేసి పారిపోతాడు! ముసలివాడు తల పట్టుకుంటాడు.

ఏడు అంకాల నాటకం ఇది. అంతా ఆడితే తెల్లవారుతుంది. బడి పిల్లలకు ఒక ముక్క చాలు. ఎవరు ఎవరితో, ఎందుకు అంటున్నారో ముందు అడగాలి. మాటలు విజయనగరం వైపువి. అక్కడ నుయ్యి అంటే ఇక్కడ బాయి. తెలియని మాటను పక్కన రాసుకోవాలి.

తండ్రి వేషమే కష్టం. అరిస్తే సరిపోదు. తాను తప్పు చేస్తున్నానని ఆయన అనుకోడు. భయం పుట్టించేది అదే. ఆ వేషం ఆడపిల్ల వేసినా బాగుంటుంది. ఆ రోజుల్లో ఆడ వేషాలు మగవాళ్లు వేయలేదా?

చదువుతుంటే పిల్లలకు ఇంకో ప్రశ్న వస్తుంది. ఇప్పుడు పైసలు ఎవరు ఇస్తున్నారు? వెల అటు తిరిగి కట్నమైంది. పెళ్లి వయసు ఆడపిల్లకు 1929 చట్టంలో 14 ఏళ్లు. 1978లో 18 చేశారు.

బాయి రంగానికి బాయి అక్కరలేదు. తెర వెనక ఒక కేక. అది విని వేదిక మీద ఉన్నవాళ్లు పరుగెత్తాలి. అంతే.